ఏళ్ల తరబడి మూలనున్న ఇంజెక్షన్ బండి: సీబీఆర్ 250ఆర్ పునరుద్ధరణ డైరీ

ఇంజెక్షన్ బండిని (కార్బ్యురేటర్ బదులు ఇంజెక్టరుతో పెట్రోలు అందే బండిని) చాలాకాలం కదపకుండా ఉంచి, ఇప్పుడు మళ్లీ రోడ్డెక్కించాలనుకునేవారికి ఉపయోగపడుతుందని ఈ డైరీ రాస్తున్నాను. బండి 2011 మోడల్ హోండా సీబీఆర్ 250ఆర్, ఏబీఎస్ లేని రకం. ఒకే సిలిండరు, బోరు 76 మిల్లీమీటర్లు, స్ట్రోకు 55 మిల్లీమీటర్లు, రేడియేటరుతో చల్లబడే ఇంజను, 13 లీటర్ల ఉక్కు ట్యాంకు, ఆరు గేర్లు. ఇది మా బావగారిది. ఆయన ఉద్యోగరీత్యా వేరే ఊరు వెళ్లాక, 2018 వర్షాకాలం నుంచి బందరులో ఇంటి వెనక రేకుల షెడ్డులో నిలిచిపోయింది. 2025లో దాన్ని మినీ లారీలో విజయవాడ తెచ్చి మా ఇంటి వరండాలో పెట్టుకున్నాము. మీటరు మీద 23,418 కిలోమీటర్లు ఉన్నాయి.

కార్బ్యురేటర్ బండి ఇలా నిలిచిపోతే కార్బ్యురేటర్ విప్పి, జెట్లు కడిగి, కొత్త పెట్రోలు పోస్తే చాలావరకు పని అయిపోతుంది. ఇంజెక్షన్ బండిలో పెట్రోలు ట్యాంకు నుంచి తనంతట తాను జారి కిందికి రాదు. ట్యాంకు లోపలి పంపు దాన్ని సుమారు మూడున్నర బార్ ఒత్తిడితో సన్నని రంధ్రాలున్న ఇంజెక్టరులోకి నెడుతుంది. ఎంతసేపు ఇంజెక్టరు తెరవాలో ఈసీఎం, అంటే ఇంజనును నడిపించే చిన్న కంప్యూటరు, నిర్ణయిస్తుంది. అయితే ఈ బండిలో పెట్రోలు ఒత్తిడిని కొలిచే సెన్సార్ లేదు. వైరు తెగితే ఈసీఎం పసిగడుతుంది, సెన్సార్ వోల్టేజి తప్పితే పసిగడుతుంది, కానీ పైపులో పెట్రోలు సరిగా వస్తున్నదో లేదో దానికి నేరుగా తెలిసే మార్గం లేదు. అందువల్ల మీటరులో లోపాన్ని సూచించే దీపం వెలగలేదని పెట్రోలు వ్యవస్థ బాగుందనుకోకూడదు. ఈ డైరీలో ఎక్కువ భాగం ఆ ఒక్క విషయం చుట్టూనే తిరుగుతుంది.

దశ 1: తాళం తిప్పకముందు

పాత పెట్రోలు ట్యాంకులో ఉండగా ఇగ్నిషన్ ఆన్ చేయకూడదు. హ్యాండిల్ మీద ఇంజను ఆపడానికి ఉండే కిల్ స్విచ్ రన్ స్థానంలో ఉంటే, తాళం తిప్పగానే పంపు రెండు సెకన్లపాటు తిరిగి లైనులో ఒత్తిడి నింపుతుంది. ఆ రెండు సెకన్లలోనే అడుగున పేరుకున్న మడ్డి, తుప్పు రేణువులు ఫిల్టరులోకీ ఇంజెక్టరు దాకానూ వెళ్లిపోతాయి. అందుకే ముందుగా బ్యాటరీ తీసి పక్కన పెట్టాను. దాని వోల్టేజి 4.2 మాత్రమే ఉంది కాబట్టి మళ్లీ ఛార్జి చేసే ఆలోచన పెట్టుకోలేదు.

ఆ తరువాత చేసిన పని ఈ వరసలో సాగింది.

1. సీటు, పక్క ఫెయిరింగులు విప్పి, ప్రతి స్క్రూను ఎక్కడిదో రాసిన చిన్న సంచిలో వేశాను.
2. ట్యాంకు మూత తెరిచి, టార్చి వేసి లోపల చూశాను.
3. చేతిపంపుతో పెట్రోలును పారదర్శకమైన డబ్బాలోకి తోడాను. ఈ పని ఆరుబయట, స్విచ్చులకూ పొయ్యికీ దూరంగా, అగ్నిమాపక సిలిండరు పక్కన పెట్టుకొని చేయాలి.
4. డబ్బాను ఒక రాత్రి కదపకుండా ఉంచాను.

తెల్లవారేసరికి డబ్బాలో రెండు పొరలు విడిగా కనిపించాయి. పైన టీ రంగులో ఘాటైన వార్నిష్ వాసన వేసే పెట్రోలు, అడుగున సుమారు 300 మిల్లీలీటర్ల ఎర్రటి నీరు. ఇథనాల్ కలిసిన పెట్రోలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది. పది శాతం ఇథనాల్ ఉన్న పెట్రోలులో నీరు సుమారు అర శాతం దాటితే ఇథనాలూ నీరూ కలిసి విడిపోయి అడుగుకు దిగిపోతాయి. పంపు పీల్చేది కూడా అడుగు నుంచే కాబట్టి ఆ నీటిలోనే అది ఏళ్లపాటు మునిగి ఉంది.

సముద్రపు గాలి ఎంత తేమగా ఉన్నా 300 మిల్లీలీటర్లు ఎక్కువే అనిపించి, ట్యాంకు మూత చుట్టూ ఉన్న గుంటను పరిశీలించాను. వాన నీరు ఆ గుంటలో నిలవకుండా కిందికి పోవడానికి ఒక సన్నని రంధ్రమూ, దానికి పైపూ ఉంటాయి. పైపు కింది కొసలో కందిరీగ మట్టిగూడు కట్టి, గట్టిపడి, దారి పూర్తిగా మూసుకుపోయింది. రేకుల సందుల్లోంచి కారిన వాన గుంటలో నిలిచి, ఎండిపోయిన మూత రబ్బరు పక్కనుంచి ట్యాంకులోకి దిగిందని అప్పుడు అర్థమైంది. మీ బండి షెడ్డులో ఉన్నా సరే, ఆ పైపులోకి ఒక నైలాన్ తీగ దూర్చి చూడండి.

స్పార్క్ ప్లగ్గు లోతైన బావిలాంటి చోట ఉంటుంది. విప్పేముందు గాలి కొట్టి ఇసుకా దుమ్మూ బయటికి పంపాలి. తరువాత సిలిండరులోకి సుమారు 5 మిల్లీలీటర్ల ఇంజన్ ఆయిలు సిరంజితో వేసి, రెండు రోజులు వదిలేశాను.

ఖర్చు: పెట్రోలు ఒత్తిడి గేజీ, దాని కనెక్టర్లు 1,450, డబ్బా, చేతిపంపు 350, తుప్పు వదిలించే స్ప్రే 280.
ఇప్పటివరకు: 2,080 రూపాయలు.

దశ 2: ట్యాంకు

ట్యాంకు దించి, తలకిందులు చేసి, అడుగున ఉన్న పంపు ప్లేటు నట్లను ఎదురెదురుగా కొద్దికొద్దిగా వదులు చేస్తూ తీశాను. ఒక వైపే పూర్తిగా విప్పితే ప్లేటు వంగే ప్రమాదం ఉంది. లోపల పైభాగమంతా పలుచని తుప్పు, అడుగున రెండు అరచేతులంత మేర పొరలు లేచే మందపాటి తుప్పు ఉన్నాయి. స్క్రూడ్రైవరు మొనతో నొక్కి చూస్తే రేకు గట్టిగానే ఉంది, చిల్లులు లేవు.

తుప్పు తీయడానికి నిమ్మ ఉప్పును ఎంచుకున్నాను. హైడ్రోక్లోరిక్ ఆమ్లం త్వరగా పని చేస్తుంది గానీ మంచి ఇనుమును కూడా తినేస్తుంది, అతుకుల సందుల్లో మిగిలిపోతే తరువాత కూడా తింటూనే ఉంటుంది. నిమ్మ ఉప్పు నిదానం, ఇంట్లో వాడుకోదగ్గది.

1. పంపు రంధ్రానికి సరిపడే అల్యూమినియం రేకు, దాని కింద రబ్బరు షీటు కోసి బిగించాను.
2. డిష్‌వాష్ ద్రవంతో, వేడి నీళ్లతో లోపలి జిడ్డు కడిగాను. జిడ్డు ఉన్నచోట ఆమ్లం పట్టదు.
3. 12 లీటర్ల గోరువెచ్చని నీటిలో ఒక కిలో నిమ్మ ఉప్పు కరిగించి పోశాను.
4. మూత బిగించకుండా గుడ్డ మాత్రం కప్పి ఒక రోజు ఉంచాను. లోపల హైడ్రోజన్ వాయువు పుడుతుంది కాబట్టి మూత బిగించకూడదు, దగ్గర్లో నిప్పు ఉండకూడదు.
5. ద్రవం పారబోసి, వంట సోడా కలిపిన నీళ్లతో కడిగాను.

ఇనుము బూడిద రంగులో శుభ్రంగా తేలింది. కానీ ఎండలో పెట్టి ఆరబెడుతుండగానే, ఓ పావుగంటలో లోపలంతా పసుపుపచ్చ తుప్పు మళ్లీ కమ్మేసింది. ఆమ్లంతో శుభ్రపడిన ఇనుముకు రక్షణ ఏమీ ఉండదు కాబట్టి మన వాతావరణంలో తడి ఆరేలోపే అది తుప్పు పడుతుంది. దాంతో సగం గాఢత ద్రావణంతో మరోసారి కడగాల్సి వచ్చింది. ఈసారి సోడా నీళ్లు పారబోసిన వెంటనే ఒక లీటరు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ పోసి, ట్యాంకును అన్ని వైపులకూ తిప్పి, పారబోసి, మరో లీటరుతో అదే పని చేశాను. ఆల్కహాల్ నీటిని తనలో కలుపుకొని పోతుంది. దాని వాసన పూర్తిగా పోయేవరకు మామూలు గాలి పట్టించి, ఆ తరువాతే వేడి గాలి మిషను పెట్టాను. ఆల్కహాల్ ఆవిరి ఉండగా ఆ మిషను వాడితే అంటుకుంటుంది. చివరికి అర లీటరు కొత్త పెట్రోలులో 50 మిల్లీలీటర్ల టూ స్ట్రోక్ ఆయిలు కలిపి లోపల అంతటా తగిలేలా తిప్పాను. తుప్పు మళ్లీ రాలేదు.

ట్యాంకు లోపల పూసే కోటింగ్ వేయమని కొందరు చెప్పారు. నేను వేయలేదు. ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ ఉన్న పెట్రోలు. దాన్ని తట్టుకోని కోటింగ్ అయితే పొరలుగా లేచి, నేరుగా పంపు ఫిల్టరును మూసేస్తుంది. చిల్లులు లేని ట్యాంకుకు ఆ ప్రమాదం కొనితెచ్చుకోవడం అనవసరమని నా అభిప్రాయం.

ఖర్చు: నిమ్మ ఉప్పు 260, వంట సోడా 60, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ 520, రబ్బరు షీటు, బోల్టులు 180, మూత రబ్బరు 150.
ఇప్పటివరకు: 3,250 రూపాయలు.

దశ 3: ఫ్యూయల్ పంపు

పంపు కింద ఉండే జాలి ఫిల్టరు తెల్లగా, గుడ్డలా మెత్తగా ఉండాలి. మా దాని మీద పెట్రోలు మడ్డి ముదురు బెల్లం పాకంలా గడ్డకట్టి, జాలి కళ్లు ఒక్కటి కూడా కనిపించలేదు. వేలితో నొక్కితే పెళుసుగా విరిగింది. పెట్రోలులో ఉండే కొన్ని హైడ్రోకార్బన్లు గాలి తగిలి, ఏళ్లు గడిచేకొద్దీ ఇలా బంకగా మారతాయి. దీన్ని కడిగి వాడడం కుదరదు, మార్చవలసిందే.

మోటారుకు మధ్యలో ఫ్యూజు, అమ్మీటరు పెట్టి 12 వోల్టులు ఇస్తే 8 ఆంపియర్లు లాగింది, చప్పుడు లేదు. అంటే తిరగకుండా పట్టేసింది. వెంటనే కరెంటు తీసేశాను. ఒక రాత్రి కొత్త పెట్రోలులో నానబెట్టి, వైర్లు తిరగేసి కేవలం క్షణంపాటు తాకించగా కదిలింది. మళ్లీ సరైన దిశలో ఇస్తే సన్నని ధ్వనితో తిరుగుతూ 2.6 ఆంపియర్లు తీసుకుంది.

ట్యాంకు లోపల పంపుకూ ప్లేటుకూ మధ్య ఉండే చిన్న గొట్టం ఉబ్బి, మెత్తబడి ఉంది. ఇక్కడ చాలామంది మామూలు ఇంజెక్షన్ గొట్టం ముక్క కోసి పెడతారు. ఆ గొట్టాలు లోపల పారే పెట్రోలును తట్టుకుంటాయి గానీ, పైపొర పెట్రోలులో మునిగి ఉండడానికి తగినది కాదు. గొట్టం మీద ముద్రించిన అక్షరాలు చూడాలి: ట్యాంకు బయట వాడే అధిక ఒత్తిడి గొట్టానికి జే30ఆర్9, ట్యాంకు లోపల మునిగి ఉండే గొట్టానికి జే30ఆర్10 అని ఉంటుంది. రెండో రకం ఖరీదు చాలా ఎక్కువ, కానీ ఇక్కడ అదే కావాలి. క్లిప్పులు కూడా గొట్టాన్ని కోయని, అంచులు మడిచిన ఇంజెక్షన్ క్లిప్పులే వేశాను.

కొత్త జాలి, కొత్త గొట్టం, కొత్త ప్యాకింగుతో పంపును ట్యాంకుకు బిగించి, నాలుగు లీటర్ల పెట్రోలు పోసి, ప్లేటు గొట్టానికి గేజీ తగిలించి పరీక్షించాను. ఒత్తిడి 49 పీఎస్ఐ (సుమారు 3.4 బార్) దగ్గర నిలిచింది. కరెంటు ఆపిన ఐదు నిమిషాల తరువాత 46 ఉంది, అంటే లోపలి వాల్వు ఒత్తిడిని పట్టి ఉంచుతున్నది. అప్పటికి పాత మోటారు పనికొస్తుందనే లెక్కకు వచ్చాను. ఏడో దశలో ఈ లెక్క మారింది.

ఖర్చు: జాలి ఫిల్టరు 350, లోపలి గొట్టం 420, క్లిప్పులు 120, ప్యాకింగు 310.
ఇప్పటివరకు: 4,450 రూపాయలు.

దశ 4: ఇంజెక్టరు, థ్రాటిల్ బాడీ

ఇంజెక్టరు కాయిల్ నిరోధం 12 ఓమ్‌లు వచ్చింది. విద్యుత్ పరంగా అది బాగుంది. కానీ 12 వోల్టులు తాకిస్తే వినిపించాల్సిన ‘టిక్’ శబ్దం రాలేదు. లోపలి సూది బంకతో అతుక్కుపోయింది.

ఇంట్లో శుభ్రం చేయడానికి ఒక సులువైన అమరిక చేసుకున్నాను. ఇంజెక్టరు పై కొసకు గొట్టం తొడిగి, అవతలి కొసకు కార్బ్యురేటర్ క్లీనర్ స్ప్రే డబ్బా తగిలించి, కరెంటును కాలింగ్ బెల్ స్విచ్ గుండా ఇచ్చాను. స్విచ్‌ను క్షణంసేపు నొక్కి వదలాలి. పట్టి ఉంచితే కాయిల్ వేడెక్కి కాలిపోతుంది. స్ప్రే మంటకు అంటుకునేది కాబట్టి స్విచ్, బ్యాటరీ దూరంగా ఉండేలా పొడవైన వైరు వాడాను. చాలాసేపటికి సూది కదిలి టిక్‌మంది, అయితే తుంపర ఒక పక్కకే వంగి, మధ్యలో సన్నని ధారగా పడింది. పెట్రోలు అలా ధారగా పడితే ఆవిరి కాక, సిలిండరు గోడలు తడిసి, ప్లగ్గు నల్లబడుతుంది.

అక్కడితో ఇంటి పద్ధతి ఆపి, జవహర్ ఆటోనగర్‌లో కార్ల ఇంజెక్టర్లు కడిగే ఒక వర్క్‌షాపుకు తీసుకెళ్లాను. అక్కడి పెద్దాయన దాన్ని పరీక్ష బల్ల మీద పెట్టి, తుంపర చూస్తూ, “పారుదల ఒకటే చూస్తే సరిపోదండీ, తుంపర ఎట్లా విప్పారుతుందో కూడా చూడాలి. మీదాంట్లో ఒక కన్ను ఇంకా మూసుకునే ఉంది” అన్నారు. కార్లకు నాలుగేసి కడిగే మిషనులో మా ఒక్క ఇంజెక్టరు వేసి ఓపికగా చూపించారు. కొలతలు ఇవి, మూడూ పరీక్ష బల్ల ఒత్తిడి మీద 15 సెకన్లకు వచ్చినవి.

1. ఇంట్లో కడిగిన తరువాత: 22 మిల్లీలీటర్లు, తుంపర వంకర.
2. అల్ట్రాసోనిక్ మిషనులో ఒకసారి కడిగాక: 36 మిల్లీలీటర్లు.
3. రెండోసారి కడిగాక: 41 మిల్లీలీటర్లు, తుంపర సమంగా విప్పారింది. ఆపాక చుక్క కారలేదు.

ఇంజెక్టరు ఓ-రింగులు రెండూ మార్చాను. నైట్రైల్ రబ్బరువి కాకుండా వైటాన్ రకం అడిగి తీసుకోండి, ఇథనాలుకు అవి మేలు.

ఇంజనులోకి వెళ్లే గాలిని నియంత్రించే థ్రాటిల్ బాడీలో సీతాకోక పలక చుట్టూ గోధుమరంగు మరక ఉంటే, క్లీనరును గుడ్డకు పట్టించి తుడిచాను. నేరుగా స్ప్రే కొడితే ద్రవం సెన్సార్లలోకి దిగుతుంది. థ్రాటిల్ సెన్సార్ స్క్రూనూ, రంగు పూసి సీలు వేసిన స్టాప్ స్క్రూనూ కదపకూడదు. ఆ స్థానాలను ఆధారం చేసుకొనే ఈసీఎం లెక్కలు వేస్తుంది.

ఖర్చు: స్ప్రే డబ్బాలు 640, ఇంజెక్టరు కడగడం 600, ఓ-రింగులు 180.
ఇప్పటివరకు: 5,870 రూపాయలు.

దశ 5: బ్యాటరీ, వైరింగు

కొత్త బ్యాటరీ 12.8 వోల్టులు చూపింది. ఇంజెక్షన్ బండికి మంచి బ్యాటరీ తప్పనిసరి. పంపుకూ ఈసీఎంకూ ఇంజెక్టరుకూ ఇగ్నిషనుకూ అన్నింటికీ కరెంటు కావాలి కాబట్టి, బ్యాటరీ పూర్తిగా పడిపోయిన బండిని తోసి స్టార్టు చేద్దామన్నా కుదరదు.

తాళం తిప్పగానే మీటరులోని లోపం దీపం ఒక దీర్ఘ మెరుపు, రెండు పొట్టి మెరుపులు చూపింది. హోండా పద్ధతిలో దీర్ఘ మెరుపు పదికి, పొట్టి మెరుపు ఒకటికి గుర్తు, కనుక ఇది 12, అంటే ఇంజెక్టరు సర్క్యూటు. ఇదే పద్ధతిలో 1 మానిఫోల్డ్ ఒత్తిడి సెన్సారుకు, 7 కూలెంటు ఉష్ణోగ్రత సెన్సారుకు, 8 థ్రాటిల్ సెన్సారుకు, 9 లోపలికి వచ్చే గాలి ఉష్ణోగ్రత సెన్సారుకు, 54 బండి ఒరిగితే ఇంజను ఆపే సెన్సారుకు గుర్తులు.

కోడ్ 12 వచ్చినంత మాత్రాన కొత్త ఇంజెక్టరు కొనకూడదు. ఇంజెక్టరు నిరోధం సరిగా ఉందని ముందే తెలుసు కాబట్టి వైరు వెంబడి వెతికాను. ట్యాంకు కింద, ఫ్రేముకు టేపు వేసిన చోట ఎలుక కొరికిన గుర్తులు ఉన్నాయి. టేపు విప్పితే ఒక వైరు రాగి పోగులు పచ్చబడి, చేతిలోకి పొడిగా రాలాయి. పచ్చదనం పాకినంత మేరా కోసేసి, మంచి రాగి కనిపించే చోటు నుంచి అదే మందం వైరు ముక్క వేసి, టంకం పెట్టి, వేడికి ముడుచుకునే గొట్టం తొడిగాను. దీపం ఆరిపోయింది.

కోడు రాని మరో లోపం వోల్టేజి కొలిస్తేనే దొరికింది. పంపు నడుస్తుండగా బ్యాటరీ దగ్గర 12.5 వోల్టులుంటే పంపు కనెక్టరు దగ్గర 11.2 మాత్రమే వచ్చింది. దారిలో 1.3 వోల్టులు పోతున్నాయంటే ఎక్కడో కాంటాక్టులు తుప్పు పట్టాయి. కిల్ స్విచ్ విప్పితే లోపలి రాగి పలకల మీద నల్లటి పొర, ఫ్రేముకు ఎర్త్ బిగించిన చోట తెల్లటి ఉప్పు పొర ఉన్నాయి. రెండింటినీ సన్నని గరుకు కాగితంతో రుద్ది, కాంటాక్టు క్లీనరుతో కడిగి, పల్చగా గ్రీజు రాశాను. ఆ తరువాత నష్టం 0.3 వోల్టులకు తగ్గింది. సముద్రం దగ్గర నిలిచిన బండిలో ఈ కొలత తప్పకుండా తీసుకోవాలి. దీనికి మామూలు మల్టీమీటరు చాలు.

ఖర్చు: బ్యాటరీ 1,750, కాంటాక్టు క్లీనరు 320, వైరు, గొట్టాలు, టెర్మినళ్లు 230.
ఇప్పటివరకు: 8,170 రూపాయలు.

దశ 6: ఇంజను

ఇక్కడ పెద్దగా చిక్కులు రాలేదు.

1. వెనక చక్రం నేలకు తగలకుండా స్టాండు వేసి, ఆరో గేరులో చక్రాన్ని చేత్తో ముందుకు తిప్పాను. ప్లగ్గు లేని ఇంజను నిరాటంకంగా తిరిగింది.
2. పాత ఆయిలు తీసేసి, ఫిల్టరు మార్చి, 10డబ్ల్యూ30 ఆయిలు లీటరున్నర పోశాను.
3. రేడియేటరులో తుప్పు రంగు నీళ్లు తీసి, డిస్టిల్డ్ వాటరుతో కడిగి, కొత్త కూలెంటు పోశాను.
4. ఎయిర్ ఫిల్టరు పెట్టెలో ఎలుక పేర్చిన కొబ్బరి పీచు, కాగితం ముక్కలు తీసి, తుడిచి, కొత్త ఫిల్టరు పెట్టాను.
5. పంపు కనెక్టరు ఊడదీసి, ప్లగ్గును ఫ్రేముకు ఎర్త్ చేసి, ఐదేసి సెకన్ల చొప్పున స్టార్టరు తిప్పాను. ఆయిలు అన్ని చోట్లకూ చేరాకే ప్లగ్గు బిగించాలి.

స్టార్టరు తిరుగుతుండగా బ్యాటరీ 10.6 వోల్టులకు మించి పడిపోలేదు.

ఖర్చు: ఆయిలు 900, ఆయిల్ ఫిల్టరు 150, కూలెంటు 450, ప్లగ్గు 420, ఎయిర్ ఫిల్టరు 480.
ఇప్పటివరకు: 10,570 రూపాయలు.

దశ 7: స్టార్టు అయ్యాక వచ్చిన చిక్కు

తాళాన్ని కొన్నిసార్లు ఆన్, ఆఫ్ చేసి, ప్రతిసారీ పంపు శబ్దం ఆగేదాకా ఆగాను. లైనులోని గాలి పోయి పెట్రోలు నిండడానికి ఇది అవసరం. ఆ సమయంలోనే అతుకుల దగ్గర వేలు పెట్టి తడి ఉందేమో చూసుకున్నాను. స్టార్టరు నొక్కగానే ఇంజను అందుకుంది. సిలిండరులో పోసిన ఆయిలు కాలేంతవరకు తెల్లటి పొగ వచ్చి, తరువాత ఆగింది. వేడెక్కాక ఐడిల్ (థ్రాటిల్ తిప్పనప్పటి ఇంజను వేగం) 1,400 ఆర్‌పీఎం దగ్గర నిలిచింది. ఛార్జింగు 14.2 వోల్టులు.

చల్లగా ఉన్నప్పుడు బండి చక్కగా లాగింది. వేడెక్కాక మాత్రం, ఆరేడు కిలోమీటర్లు దాటేసరికి, ఐదు వేల ఆర్‌పీఎం పైన థ్రాటిల్ తిప్పితే ఊపిరాడనట్టు వెనక్కి లాగడం మొదలైంది. లోపం దీపం వెలగలేదు. కోడూ లేదు.

ఇలాంటప్పుడు ఒకటొకటే తోసిపుచ్చుకుంటూ వెళ్లడం మంచిది.

1. ట్యాంకు మూత తెరిచి చూశాను. గాలి దారి మూసుకుంటే మూత తీయగానే చిక్కు పోవాలి. పోలేదు.
2. వేడి మీద పంపు కనెక్టరు దగ్గర వోల్టేజి 13.6 ఉంది. వైరింగు తప్పు కాదు.
3. థ్రాటిల్ సెన్సారు మూసినప్పుడు 0.5 వోల్టు నుంచి పూర్తిగా తెరిస్తే 4.3 వోల్టుల వరకు తెంపు లేకుండా పెరిగింది.
4. ప్లగ్గు తెల్లగా ఉంది. అంటే పెట్రోలు తక్కువ అందుతున్నది.

బండిని ఆరుబయట స్టాండు మీద పెట్టి, లైనులో గేజీ కలిపి, ఐడిల్‌లో నడిపాను. మొదట 49 పీఎస్ఐ. ఐదు నిమిషాలకు 47. పది నిమిషాలకు 40. పావుగంటకు 31. ఐడిల్‌లో ఇంజను తాగే పెట్రోలు చాలా తక్కువ. ఆ కాస్తకే ఒత్తిడి ఇంత పడిపోతే, రోడ్డు మీద పూర్తి థ్రాటిల్‌లో మిగిలేది ఏమీ ఉండదు. అదే సమయంలో పంపు తీసుకునే కరెంటు 2.6 నుంచి 4.4 ఆంపియర్లకు పెరిగింది. నీటిలో ఏళ్లపాటు మునిగిన మోటారు బేరింగులు తుప్పు పట్టి, వేడెక్కాక బిగుసుకుంటున్నాయి. మూడో దశలో చేసిన పరీక్ష కొద్ది నిమిషాలదే కాబట్టి ఈ లోపం అప్పుడు బయటపడలేదు. నానబెట్టి కదిలించిన పంపును కనీసం 20 నిమిషాలు ఏకధాటిగా నడిపి, మొదట ఉన్న ఒత్తిడి, కరెంటు చివర కూడా ఉన్నాయో లేదో చూడకుండా ట్యాంకు బిగించవద్దు.

మొత్తం పంపు యూనిట్ ధర ఎక్కువ. లోపలి మోటారు ఒక్కటే విడిగా దొరుకుతుంది. పాత మోటారును దుకాణానికి పట్టుకెళ్లి, వ్యాసం, పొడవు, గొట్టం తొడిగే కొస మందం, కనెక్టరు ఆకారం నాలుగూ వెర్నియర్‌తో సరిపోల్చి తీసుకున్నాను. ప్రెషర్ రెగ్యులేటరు పాతదే ఉంచాను. ప్యాకింగు ఒకసారి నలిగితే మళ్లీ వాడకూడదు కాబట్టి కొత్తది మరోటి వేశాను. కొత్త మోటారుతో అదే పరీక్ష చేస్తే అరగంట తరువాత కూడా ఒత్తిడి 50, కరెంటు 2.9 దగ్గరే నిలిచాయి. రోడ్డు మీద తొమ్మిది వేల ఆర్‌పీఎం వరకు ఎక్కడా ఆగకుండా లాగింది.

ఖర్చు: పంపు మోటారు 1,900, ప్యాకింగు 310.
ఇప్పటివరకు: 12,780 రూపాయలు.

దశ 8: బ్రేకులు, టైర్లు, కాగితాలు

టైర్ల పక్క గోడ మీద ఉండే నాలుగంకెల్లో మొదటి రెండు వారాన్ని, తరువాతి రెండు సంవత్సరాన్ని చెబుతాయి. మా వాటి మీద 2015 నాటి అంకెలున్నాయి. గాళ్లు లోతుగానే ఉన్నా పక్క గోడలు పగుళ్లు బారాయి. రెండూ మార్చాను: ముందు 110/70-17, వెనక 140/70-17. వెనక బ్రేకు కాలిపరు (ప్యాడ్లను డిస్కుకు నొక్కే భాగం) పిస్టన్ సగంలో పట్టేసింది. గాలి ఒత్తిడితో దాన్ని బయటికి తెచ్చేటప్పుడు ఎదురుగా చెక్కముక్క పెట్టాలి, వేళ్లు పెట్టకూడదు. సీళ్లు మార్చి, డాట్ 4 బ్రేకు ద్రవం కొత్తది పోసి, గాలి బుడగలు పోయేదాకా బ్రేకు కొట్టాను. చైను తుప్పు పైపైనే ఉంది. కిరోసిన్‌తో కడిగి లూబ్రికెంటు పట్టించాను. లింకులన్నీ స్వేచ్ఛగా కదులుతున్నాయి.

సొంత బండి రిజిస్ట్రేషన్ చెల్లుబాటు 15 ఏళ్లు. 2011 బండికి అది 2026లో ముగుస్తుంది. పునరుద్ధరణకు ఫారం 25తో దరఖాస్తు పెట్టి బండిని తనిఖీకి తీసుకెళ్లాలి. బీమా, కాలుష్య ధ్రువపత్రం లేకుండా పరీక్ష కోసమైనా రోడ్డు మీదికి తేకూడదు కాబట్టి, ఏడో దశలో రోడ్డెక్కే ముందే ఆ రెండూ తీసుకున్నాము. టైర్లు, బ్రేకుల పని కూడా అప్పటికే ముగిసింది. చదవడానికి వీలుగా ఇక్కడ విడిగా రాశాను.

ఖర్చు: టైర్లు 7,500, కాలిపరు సీళ్లు 900, బ్రేకు ద్రవం 300, చైను లూబ్రికెంటు 350.
మొత్తం: 21,830 రూపాయలు. బీమా, ధ్రువపత్రం, లారీ కిరాయి ఇందులో కలపలేదు.

ప్రస్తుత స్థితి

విజయవాడ నుంచి బందరుకు జాతీయ రహదారి 65 మీదుగా వెళ్లివచ్చాక, ట్యాంకు నిండుగా పోసి కొలిస్తే లీటరుకు 31 కిలోమీటర్లు వచ్చింది. ప్లగ్గు లేత ఇటుక రంగులో ఉంది. కూలెంటు మట్టం తగ్గలేదు. కొత్త జాలి ఫిల్టరును 500 కిలోమీటర్ల తరువాత తీసి చూస్తే అంచున కొద్దిగా తుప్పు నలుసు చేరింది, అంతకు మించి లేదు. ముందుజాగ్రత్తగా మరో 1,000 కిలోమీటర్లకు ఇంకోసారి తీసి చూడాలని రాసిపెట్టుకున్నాను.

బావగారు బండిని నెలకు మించి నిలపవలసి వస్తే ట్యాంకు అంచుదాకా నింపి ఉంచాలనీ, ఆరు నెలలకు మించితే పూర్తిగా ఖాళీ చేసి, లోపల ఆయిలు పట్టించి, బ్యాటరీ తీసి ఛార్జరుకు పెట్టాలనీ ట్యాంకు కింద అట్టముక్క మీద రాసి అంటించాము. మిగిలిన పని ముందు ఫోర్కు సీళ్లు. కుడి వైపు ఫోర్కు గొట్టం మీద ఆయిలు గీత కనిపిస్తున్నది. సీళ్లు ఆర్డరు పెట్టాను, అవి వచ్చాక ఫోర్కు ఆయిలు మట్టం కొలతలతో తరువాతి దశ రాస్తాను.